పచ్చముద్రకు పూచీ ఎవరు?

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం అయిన వెంటనే వ్యాపారపు మాటలు ఎత్తుకోవడం కొంచెం ఎబ్బెట్టుగానే ఉంటుంది. అయినా, మన వంటిళ్లలోకి వస్తున్న సరుకును గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. ఆలోచించి చూస్తే ఆ కోరిక సబబైనదే. ఊరు విడిచి వచ్చిన మనకు ఊరితో మిగిలిన బంధాలలో తిండి పెద్దది. కందిపప్పు, జొన్నపిండి, నువ్వులు, బెల్లం, నూలుబట్ట—ఇవి ఎక్కడ ఉన్నా మనకు కావాలి. ఈ మధ్య వీటి పొట్లాల మీద ఒక పచ్చని ఆకు బొమ్మ కనిపిస్తున్నది. దాని పక్కన "సేంద్రియం" అనీ, "సహజం" అనీ, "భూమికి మేలు" అనీ అక్షరాలు ఉంటవి. ఆ ఆకును నమ్మి మనం నాలుగు డబ్బులు ఎక్కువ ఇచ్చి కొంటున్నాము. ఒకనాడు ఎవరో వచ్చి, "ఆ ఆకు వట్టి అబద్ధం" అంటారు. అప్పుడు ఆ సరుకు అమ్మేవారు ఏం చేస్తున్నారు? ఏం చేయాలి? కొనే మనం ఎవరి మాట వినాలి? ఇదే నేడు నేను మీ ముందు పెట్టదలచిన విషయం.

మాది బీదరు జిల్లా నిర్ణా. కర్ణాటకంలో ఉన్నా తెలంగాణ సరిహద్దుకు అట్టే దూరం లేని ఊరు. 1956 నవంబరు 1 వరకు బీదరు జిల్లా అంతా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. ఇప్పుడు తెలంగాణలో ఉన్న జహీరాబాదు, నారాయణఖేడు తాలూకాలు కూడా ఆనాడు ఆ జిల్లాలోనివే. ఆ తరువాత ఒక ముక్క ఇటు, ఒక ముక్క అటు పోయింది. పటం మీద గీత పడింది గాని చేల మీద పడలేదు. అటూ ఇటూ ఆ కందే, ఆ జొన్నే, ఆ పెసరే, ఆ మినుమే. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ప్రపంచంలోని పెద్ద పెద్ద కంపెనీల కథలు చెప్పిన తరువాత మిమ్మల్ని మళ్లీ ఆ గీత దగ్గరికే తీసికొని వస్తాను. మన ప్రశ్నకు నేను చూసిన మంచి జవాబులలో ఒకటి అక్కడే ఉన్నది.

ముందు మాట సంగతి చూద్దాం. ఇంగ్లీషులో దీన్ని గ్రీన్ వాషింగ్ అంటారు. 1986లో జే వెస్టర్‌వెల్డ్ అనే అమెరికావాడు ఒక వ్యాసంలో ఈ మాట వాడాడు. హోటళ్లలో "పర్యావరణాన్ని కాపాడండి, తువ్వాలు మళ్లీ వాడుకోండి" అని చీటీలు పెడతారు గదా! చాకలి ఖర్చు మిగుల్చుకొనే పనికి పుణ్యం రంగు పూస్తున్నారని అతను ఎత్తిచూపాడు. మన భాషలో దీన్ని "పచ్చవెల్ల" అంటే సరిపోతుందేమో. పండుగకు ముందు ఇంటికి వెల్ల వేస్తాము. గోడ పగులు పూడ్చి, బూజు దులిపి వెల్ల వేస్తే అది ఇంటికి అందం. పగులు కనపడకుండా పైన వెల్ల వేస్తే అది మోసం. మొదటి వానకే బయటపడుతుంది. పచ్చవెల్ల కూడా అంతే. పైన పటారం, లోన లొటారం.

అయితే ప్రతి ముద్రా ఒకే మాట చెప్పదని మనం ముందుగా తెలిసికోవాలి. కలబురగి కందిపప్పుకు 2019లోనూ, తాండూరు కందికి 2022లోనూ భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా ప్రాంతం వారికి అది గర్వకారణం. కాని ఆ గుర్తింపు చెప్పేది ఆ కంది ఏ నేలలో పండిందన్నంత వరకే. మందు కొట్టారా లేదా అన్నది దాని విషయం కాదు. అట్లే "సహజం" అనే మాటకు ఒక అర్థం, చట్టప్రకారం "సేంద్రియం" అనే మాటకు వేరొక అర్థం. ముద్ర ఎంత చెబుతుందో అంతే వినాలి. అంతకు మించి మనం విన్నామంటే, కొంత తప్పు మన చెవులది. మించి వినిపించేటట్లు పొట్లం మీద బొమ్మ వేశారంటే, తప్పు వారిది.

ఇక ఆరోపణ వచ్చిన తరువాత కంపెనీలు నడిచే దారులు చూద్దాం. నాకు తెలిసినంతలో ముఖ్యమైనవి మూడు.

మొదటి దారి బుకాయింపు. వోక్స్ వాగన్ కంపెనీవారు తమ డీజిల్ కార్లను "క్లీన్ డీజిల్" అని, అంటే శుభ్రమైన డీజిల్ అని, అమెరికాలో ప్రచారం చేసికొన్నారు. 2014లో వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం వారు ఆ కార్లను రోడ్డు మీద నడిపి చూస్తే, పరీక్షశాలలో వచ్చిన లెక్కకూ రోడ్డు మీది లెక్కకూ పొంతన లేదు. అడిగితే కంపెనీవారు ఏడాదికి పైగా సాంకేతిక కారణాలు చెబుతూ వచ్చారు. 2015 సెప్టెంబరు 18న అమెరికా పర్యావరణ సంస్థ నోటీసు ఇచ్చింది. పరీక్ష జరుగుతున్నదని పసికట్టి, అప్పటికి మాత్రం పొగ తగ్గించే ఏర్పాటు ఆ కార్లలో ఉన్నదని తేలింది. ప్రపంచం మొత్తం మీద అటువంటి కార్లు సుమారు 1 కోటి 10 లక్షలు. జరిమానాలూ, పరిహారాలూ కలిపి కంపెనీకి 3,000 కోట్ల డాలర్లకు మించి ఖర్చు అయింది. పిల్లి కళ్లు మూసికొని పాలు తాగినట్లు, తమను ఎవరూ చూడడం లేదనుకొన్నందుకు ఆ ఫలితం.

రెండవ దారి చప్పుడు చేయకుండా బోర్డు తిప్పేయడం. హెచ్ అండ్ ఎమ్ అనే స్వీడను బట్టల కంపెనీవారు ప్రతి దుస్తు పక్కనా ఒక లెక్కల పట్టిక పెట్టారు. ఈ గౌనుకు ఇంత నీరు తక్కువ పట్టింది, ఇంత బొగ్గుపొగ తక్కువ వచ్చింది అని అందులో ఉండేది. 2022 జూన్‌లో క్వార్ట్జ్ అనే అమెరికా పత్రిక ఆ పట్టికలను పరిశీలించింది. 20 శాతం నీరు తక్కువ పట్టిందని చూపిన ఒక గౌనుకు నిజానికి 20 శాతం ఎక్కువ పట్టిందట! లెక్కలో ఉన్న తీసివేత గుర్తును పట్టించుకొనలేదు. అదే నెలలో నార్వే వినియోగదారుల సంస్థ కూడా ఆ లెక్కల పద్ధతిని ఆధారంగా చేసికొని బట్టలు అమ్మడం జనాన్ని తప్పుదారి పట్టించడమేనని తేల్చింది. కంపెనీవారు పట్టికలు తీసివేశారు. సెప్టెంబరులో నెదర్లాండ్స్ అధికారులు నిలదీసినప్పుడు, హెచ్ అండ్ ఎమ్ వారు 5 లక్షల యూరోలు, డెకథ్లాన్ వారు 4 లక్షల యూరోలు మంచి పనులకు విరాళంగా ఇచ్చి, ఇకమీదట పొట్లాల మీద మాటలు సరిచేస్తామని ఒప్పుకొన్నారు. బుకాయించడం కన్నా ఇది మేలే. కాని అంతకు ముందు ఆ పట్టిక చూసి కొన్నవారికి ఎవరు సమాధానం చెబుతారు? బోర్డు తీసివేయడం వేరు, బోర్డు ఎందుకు తప్పయిందో చెప్పడం వేరు.

మూడవ దారి తలుపు తెరవడం. అమెరికాలో పటగోనియా అని కొండలెక్కేవారి దుస్తులు చేసే కంపెనీ ఉన్నది. 2007 నుండి వారు తమ వస్తువు ఎక్కడ, ఎట్లా తయారవుతున్నదో, అందులో మంచి ఏమిటో చెడు ఏమిటో తామే ప్రకటిస్తూ వచ్చారు. వారి చలికోట్లలో నింపే పెద్దబాతు ఈకలను గురించి యూరపులోని ఒక జంతుసంక్షేమ సంఘం ఆరోపణ చేసింది. కంపెనీవారు విచారణ చేసికొని, తాము వాడే ఈక కొంత, కాలేయం కోసం బలవంతంగా మేత కుక్కి పెంచిన పక్షుల నుండి వస్తున్నదని తామే చెప్పారు. చెప్పి ఊరుకోలేదు. గుడ్డు నుండి కోటు దాకా జాడ పట్టే ఏర్పాటు చేసికొని, 2014లో తమ ఈక సరుకంతా ఆ పద్ధతిలోకి తెచ్చారు. ఆ కంపెనీ దోషం లేనిదని నేను అనడం లేదు. దోషం ఎత్తిచూపినవాడిని శత్రువుగా చూడక, పాలేరు లెక్క తప్పితే సరిచేసే కరణంలాగా చూశారన్నదే నా మాట.

ఈ మూడు దారులూ దూరదేశపు కథలు. ఇక మన ఇంటి కథ వినండి. ఇది కొంచెం చేదుగా ఉంటుంది.

ప్రపంచంలో సేంద్రియ పత్తి ఎక్కువగా పండే దేశం మనదే. 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. కొద్ది ఏళ్లలో పత్తి చేలలో అత్యధిక భాగం ఆ విత్తనమే ఆక్రమించింది. సేంద్రియానికి బీటీ విత్తనం పనికిరాదు. ఆ కలుపు లేని విత్తనం దొరకడమే గగనమైపోయింది. 2010 జనవరిలో జర్మనీ పత్రిక ఒకటి సంచలన వార్త వేసింది. హెచ్ అండ్ ఎమ్, సి అండ్ ఎ, చీబో వంటి కంపెనీలు సేంద్రియమని అమ్ముతున్న బట్టల పత్తి భారతదేశం నుండి వచ్చినదనీ, ఒక ప్రయోగశాల పరీక్షించిన నమూనాలలో సుమారు 30 శాతంలో బీటీ జాడలు కనిపించాయనీ ఆ వార్త.

ఇక్కడ మనం కొంచెం నిలబడి న్యాయంగా ఆలోచించాలి. బీటీ జాడ కనిపించినంత మాత్రాన రైతు మోసగాడా? పక్క చేను పుప్పొడిని తేనెటీగ మోసుకొని రావచ్చు. కొన్న విత్తనంలోనే కలుపు ఉండవచ్చు. జిన్నింగు మిల్లులో ముందు బస్తాల దూది మిగిలి కలిసిపోవచ్చు. ఇవన్నీ కలుషితం. తెలిసి తెలిసి మామూలు పత్తికి సేంద్రియం చీటీ కట్టడం మోసం. రెండూ పరీక్షలో ఒకేలాగా కనిపిస్తవి. నిజాయితీ గల వ్యాపారి ఆరోపణ వచ్చిన నాడు చేయవలసిన మొదటి పని ఈ రెంటినీ విడదీసి చెప్పడం. "మాది పాలలాంటి మనసు" అని ప్రమాణం చేసినా లాభం లేదు. "రైతులే మోసం చేశారు" అని చేతులు దులుపుకొన్నా న్యాయం కాదు. ఆ గొడవల తరువాత పరిశ్రమవారు కొంత పని చేశారు. పత్తిలో బీటీ జాడ పట్టడానికి ప్రపంచమంతటికీ ఒకే పరీక్షా పద్ధతిని 2019లో సిద్ధం చేశారు. మంచి విత్తనం అందించి, రైతుకు ఎక్కువ ధర నేరుగా చేర్చే ఏర్పాట్లు కూడా కొన్ని మొదలైనవి.

కాని మరుసటి ఏడు, 2020లో, బయటపడింది కలుషితం కాదు, నికార్సయిన మోసమే. గాట్స్ అనే అంతర్జాతీయ సేంద్రియ వస్త్ర ప్రమాణ సంస్థవారు తామే ఆ సంగతి ప్రకటించారు. సుమారు 20,000 టన్నుల పత్తికి దొంగ పత్రాలు పుట్టాయి. పత్రం మీది గళ్ల గుర్తును ఫోనుతో చూస్తే, మన ప్రభుత్వ సంస్థ అపెడా వారి పుట లాంటి దొంగ పుటే తెరుచుకొనేది! 11 కంపెనీలను గాట్స్ వారు తమ పద్ధతి నుండి బహిష్కరించారు. ముద్ర వేసే సంస్థే "మా ముద్రతో మోసం జరిగింది" అని లోకానికి చెప్పుకోవడం చిన్న విషయం కాదు. ఆ తరువాత వారు ఉపగ్రహాల చిత్రాలతో పత్తి చేలను గుర్తించే ప్రయత్నం కూడా 2023లో మొదలుపెట్టారు.

పత్తి ఒక్కటే కాదు. 2020 చివరలో మన నువ్వులలో ఇథిలీన్ ఆక్సైడ్ అనే విషవాయువు జాడలు యూరపులో కనిపించినవి. సేంద్రియమని పంపిన నువ్వులలో కూడా ఉన్నవి. 2021 డిసెంబరులో యూరపు సమాఖ్య మన దేశంలో పనిచేసే 5 ధ్రువీకరణ సంస్థలకు గుర్తింపు తీసివేసింది. అదే ఏడు జనవరిలో అమెరికా వ్యవసాయశాఖ మన అపెడాతో ఉన్న ఒప్పందానికి స్వస్తి చెప్పింది. అంటే, మన దేశపు ముద్ర అక్కడ చెల్లదు. అమెరికా వారు ఒప్పిన సంస్థ చేతనే మళ్లీ ముద్ర వేయించుకోవాలి. కంచే చేను మేస్తే ఇక చెప్పేదేమున్నది?

ఈ చోటనే మన గుండెకు తగలవలసిన సంగతి ఉన్నది. ఇంత జరిగిన తరువాత నష్టపడ్డది ఎవరు? దొంగ పత్రం అచ్చు వేసినవాడు మరొక పేరుతో అంగడి తెరవగలడు. పెద్ద కంపెనీ మరొక దేశపు సరుకు కొనగలదు. మూడేళ్లు మందు మానేసి, దిగుబడి తగ్గితే ఓర్చుకొని, పేడ ఎరువు మోసి, చేతులతో కలుపు తీసిన సన్నకారు రైతు ఉన్నాడే, ఆయన పత్తి మామూలు పత్తి ధరకు పోయింది. కొత్త తనిఖీల ఖర్చు ఆయన నెత్తిన పడింది. ఒకడి దొంగతనానికి ఊరందరి ఇళ్లలో సోదా అన్నట్లయింది. పచ్చవెల్ల వలన మనం నాలుగు డబ్బులు పోగొట్టుకొంటాము. ఆయన నమ్మకాన్నే పోగొట్టుకొంటాడు. మరుసటి ఏడు మళ్లీ మందు డబ్బా పట్టుకొంటాడు.

ముద్రలు ఇట్లా ఎందుకు తప్పుతున్నవో ఒక చిన్న లెక్క చెబితే తెలుస్తుంది. ఒక్కొక్క సన్నకారు రైతు విడిగా ధ్రువపత్రం ఖర్చు భరించలేడు గనుక, కొన్ని వందల మందిని ఒక గుంపుగా చేసి ఒకే పత్రం ఇచ్చే పద్ధతి పెట్టారు. బయటినుండి వచ్చే తనిఖీదారు అందరి చేలూ చూడడు. చాలాకాలం వాడుకలో ఉన్న లెక్క ప్రకారం గుంపులోని సంఖ్యకు వర్గమూలం ఎంతో, కనీసం అంతమంది చేలు చూస్తే చాలు. అంటే 400 మంది ఉంటే 20 మంది. మిగిలిన 380 మంది సంగతి గుంపు నడిపేవారి కాగితాలలో చూసికోవాలి. ఆ పత్రం అనేకచోట్ల రైతుల చేతిలో కాక, సరుకు కొనే వ్యాపారి చేతిలో ఉండేది. తనిఖీదారుకు రుసుము ఇచ్చేవాడు కూడా ఆ వ్యాపారే. కూలి ఇచ్చేవాడి చేను బాగా లేదని చెప్పగల తనిఖీదారులు ఎందరుంటారు? ఉన్నారు, కాని పద్ధతి వారికి తోడుగా లేదు.

ఇప్పుడు మిమ్మల్ని నేను చెప్పిన ఆ గీత దగ్గరికి తీసికొనిపోతాను. జహీరాబాదు పక్కన పస్తాపూరు అనే ఊరిలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉన్నది. 1983లో మొదలైన ఈ సంస్థకు నలభై ఏళ్లు వెన్నెముకగా నిలిచినవారు పి. వి. సతీష్ గారు. మైసూరులో పుట్టిన కన్నడిగుడు, దూరదర్శన్‌లో కార్యక్రమాలు తయారుచేసిన మనిషి. తెలుగు పల్లెలలో తన జీవితం గడిపి 2023 మార్చిలో కన్నుమూశారు. ఆ సంస్థకు ప్రాణం మాత్రం పల్లె సంఘాలలోని స్త్రీలు. ఎక్కువమంది దళిత స్త్రీలు. ఒకటి రెండు ఎకరాల చెలక ఉన్నవారు. జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, ఉలవ ఒకే చేనులో కలిపి వేస్తారు. విత్తనం ఇంట్లోనే దాచుకొంటారు. 2008లో మాచునూరులో తమ సొంత రేడియో పెట్టుకొన్నారు. 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థ వారి ఈక్వేటర్ బహుమతి ఈ సంఘాలకు వచ్చింది.

వీరు తమ పంట సేంద్రియమని ఎట్లా రుజువు చేస్తారు? పీజీఎస్ అనే పద్ధతి ఒకటి ఉన్నది. అంటే, పాల్గొన్నవారందరూ కలిసి ఇచ్చే పూచీ. మన దేశంలో దానిని మొదట చేపట్టినవారిలో వీరు ఉన్నారు. ఒక ఊరి రైతులు గుంపుగా ఏర్పడతారు. మందు వాడమని అందరి ఎదుటా ప్రమాణం చేస్తారు. తరువాత ఒకరి చేనుకు ఒకరు వెళ్లి చూస్తారు. ఎరువు ఏది, విత్తనం ఎక్కడిది, పక్క చేను మందు ఇటు కొట్టుకొని రాకుండా గట్టు ఎట్లా ఉన్నది అని అడిగి వ్రాసికొంటారు. అందరూ కూర్చుని, ఎవరి పంటకు ముద్ర వేయవచ్చునో తేలుస్తారు. తప్పు చేసినవారికి ముద్ర ఉండదు.

దీనిలోని కీలకం ఏమిటో చూడండి. పట్నం నుండి కారులో వచ్చిన తనిఖీదారుకు నిన్న రాత్రి కొట్టిన మందు వాసన తెలియకపోవచ్చు. పక్క చేను ఆమెకు తెలుస్తుంది. ఎవరి ఇంటి ముందు యూరియా బస్తా దిగిందో ఊరిలో దాగుతుందా? ఇంకొక సంగతి: నా పక్కవాడు మోసం చేస్తే మా గుంపు ముద్రకే మచ్చ. కనుక ఆరోపణ వస్తే ఎవరూ ఉలిక్కిపడరు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవలసిన పని లేదు. "రండి, చేను చూడండి, పక్కవారిని అడగండి" అంటారు. పటగోనియా వారు కోట్లు ఖర్చుపెట్టి సంపాదించుకొన్న తెరిచిన తలుపు, ఈ స్త్రీలకు మొదటి నుండి ఉన్నదే. అనంతపురం వైపు చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో టింబక్టు కలెక్టివ్ వారి ధరణి సహకార సంఘం రైతులు కూడా ఈ పీజీఎస్ పద్ధతిలో తమ పంటను అమ్ముకొంటున్నారు. ప్రభుత్వం వారు పీజీఎస్–ఇండియా అనే పేరుతో కనీసం 5 మంది రైతుల గుంపులకు ముద్ర ఇస్తున్నారు. 2017 నాటి సేంద్రియ ఆహార నియమాలు ఈ ముద్రనూ, అపెడా వారి ముద్రనూ రెంటినీ గుర్తించినవి.

దీనికీ లోపాలున్నవి, దాచను. ఊరంతా ఒకటైతే తప్పును కూడా ఊరంతా కలిసి దాచవచ్చు. బంధుత్వాలూ మొహమాటాలూ అడ్డు రావచ్చు. పైగా యూరపూ అమెరికా ఈ పూచీని సేంద్రియ ముద్రగా ఒప్పుకోవు. అక్కడ అమ్మాలంటే బయటి సంస్థ పత్రం కావాలి. కనుక దూరపు సరుకుకు పత్రమూ పరీక్షా అవసరమే. నేను చెప్పేది ఒక్కటే: పత్రం పొరుగువారి కళ్లకు బదులు కాకూడదు, వాటికి తోడు కావాలి. పొరుగువారు చూడని చేనుకు ఎన్ని పత్రాలున్నా అది వెల్ల వేసిన గోడే.

చట్టం కూడా మేలుకొన్నది. 2024 అక్టోబరు 15న మన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థవారు పచ్చవెల్లను అరికట్టే మార్గదర్శకాలు వెలువరించారు. "పచ్చనిది", "శుభ్రమైనది", "పర్యావరణానికి హితం", "సహజం" వంటి మాటలు వట్టిగా వాడరాదు. ఎందుకు అంటున్నారో, ఏ భాగానికి అంటున్నారో, ఆధారం ఏమిటో కొనేవాడికి అందేటట్లు చెప్పాలి. ముందు ముందు చేస్తామనే గొప్పలకు చేసే దారి చూపాలి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకు రూ. 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే రూ. 50 లక్షల వరకు జరిమానా వేయవచ్చు. యూరపు సమాఖ్య 2024లో చేసిన ఇటువంటి శాసనానికి అమలు తేదీ 2026 సెప్టెంబరు 27.

చట్టం బిగిసేకొద్దీ మరొక జబ్బు పుడుతున్నది. కొన్ని మంచి సంస్థలు, "మాట అంటే కదా తంటా, అసలు ఏమీ అనకుండా ఉందాం" అని నోరు కట్టుకొంటున్నవి. ఇంగ్లీషులో దీనికి గ్రీన్ హషింగ్ అని పేరు. ఇది కూడా మేలు కాదు. చేసిన మంచి చెప్పకపోతే, మరొకరికి చేయాలనే ఊహ రాదు. రైతుకు ఎక్కువ ధర ఎందుకు ఇవ్వాలో కొనేవాడికి తెలియదు. మాట మానడం కాదు, మాటను నిజమంత చేయడం కావాలి. "మా సరుకంతా భూమికి మేలు" అనడం కన్నా, "ఈ బస్తా కంది ఫలానా ఊరి ఫలానా గుంపువారిది, వారు మందు వాడరు, బండి మీద వచ్చేటప్పుడు డీజిల్ కాలింది, దానికి మేమింకా ఏమీ చేయలేదు" అనడం గట్టి మాట. అటువంటి మాట అన్నవాడిని నేను రెండుసార్లు నమ్ముతాను: ఒకసారి కందిని గురించి, ఒకసారి డీజిల్ ను గురించి.

కనుక వ్యాపారం చేసే మన సోదరులకు నా మనవి ఇది. మనలో ఊరి సరుకు తెప్పించి అమ్మేవారు కొందరున్నారు. మీ మీద ఆరోపణ వస్తే, ముందు ఆ సరుకు అమ్మడం ఆపండి. ఎవరు ఏమన్నారో మీ అంగడిలోనే అందరికీ కనపడేటట్లు వ్రాసిపెట్టండి. పరీక్షకు మీకు చుట్టరికం లేనివారిని పిలవండి. వచ్చిన ఫలితం మంచిదైనా చెడ్డదైనా అదే గోడకు అతికించండి. తప్పు తేలితే మీ మాటను తగ్గించుకొని, కొన్నవారికి డబ్బు తిరిగి ఇవ్వండి. ఆ నష్టాన్ని తప్పు చేయని రైతు మీద మాత్రం వేయకండి.

కొనే మన కుటుంబాలకు మూడు ప్రశ్నలు చాలు. ఈ ముద్ర ఎవరిది, దాని సంఖ్య ఏమిటి? ఇది ఎక్కడ, ఎవరు పండించారు? ముద్ర తప్పని తేలితే నాకు జవాబు చెప్పేవారు ఎవరు? ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు వచ్చిన చోట కొనండి. నాలుగవ మాట ఒకటి: ఫోనులో వచ్చిన ప్రతి ఆరోపణనూ పదిమందికి పంపకండి. అమ్మేవాడిని ఆధారం అడిగినట్లే, ఆరోపించినవాడిని కూడా ఆధారం అడగండి. అబద్ధపు ముద్ర ఎంత చెడ్డదో, అబద్ధపు నింద అంత చెడ్డది. రెండూ చివరికి ఆ రైతు కొంపే తీస్తవి.

ఒక్కొక్కరం అడిగితే కంపెనీవారు జవాబు ఇవ్వకపోవచ్చు. కాని మన సంఘం ఉన్నది గదా! సంక్రాంతికి ముగ్గుల పోటీ, ఉగాదికి కవిసమ్మేళనం జరిపే ఈ సంఘమే ఈ మూడు ప్రశ్నలూ కాగితం మీద పెట్టి, మనం ఎక్కువగా కొనే నాలుగైదు సరుకుల కంపెనీలకు పంపవచ్చు. వచ్చిన జవాబులనూ, రాని జవాబులనూ కూడా వచ్చే ఏటి సంచికలో అచ్చు వేయవచ్చు. ఎక్కువ ఖర్చు పని కాదు, నాలుగు ఉత్తరాలు. ఆ ఉత్తరాలకు నిజమైన జవాబు ఇవ్వగల కంపెనీ వెనుక, పక్క చేనును చూసి "ఇది మంచిదే, నాది పూచీ" అని చెప్పగల మనుషులు ఉండి తీరాలి. వారిని వెతికి పట్టుకొంటే మనం ఎక్కువగా ఇచ్చే నాలుగు డబ్బులు చేరవలసిన చోటికి చేరుతవి.

ఈ ప్రతిపాదనను కార్యవర్గం ముందు ఉంచుతున్నాను.